టాబ్లెట్‌లోకి మారిన సిమ్

మొదటి సిమ్ కార్డులు 1991లో మ్యూనిక్‌లో పుట్టాయి. అక్కడి గీసెకె అండ్ డెవ్రియెంట్ సంస్థ ఫిన్లాండ్‌లోని రేడియోలిన్యాకు 300 కార్డులు అమ్మింది. అప్పట్లో సిమ్ అంటే ఏటీఎం కార్డంత ఉండేది. తగ్గుతూ తగ్గుతూ 2012 నాటికి 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పున్న నానో సిమ్ అయింది. తగ్గిందంతా చుట్టూ ఉన్న ప్లాస్టిక్కే. బంగారు రంగు రేకు కింద చిప్పు చేసే పని మాత్రం మారలేదు.

ఆ చిప్పులో 128 బిట్ల రహస్య సంఖ్య ఉంటుంది. దాని నకలు ఆపరేటర్ దగ్గర భద్రంగా ఉంటుంది. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ అప్పటికప్పుడు ఏదో ఒక సంఖ్య పంపుతుంది. సిమ్ దాన్ని తన రహస్యంతో కలిపి లెక్క కట్టి, జవాబును మాత్రమే బయటపెడుతుంది. అవతల కట్టిన లెక్కతో అది సరిపోతే సిగ్నల్ వస్తుంది. రహస్యం చిప్పు దాటదు, ఫోనుక్కూడా తెలియదు. అంటే చందాదారు వేరు, చేతిలోని పరికరం వేరు అని ఇంజనీర్లు మొదట్లోనే తేల్చేశారు. సిమ్ గొప్పతనమంతా నాకు ఇందులోనే కనిపిస్తుంది.

ఈ విభజనకు అసలు పరీక్ష 2010లో అమెరికాలో ఎదురైంది. ఆ ఏడాది ఐప్యాడ్‌లోనూ ఐఫోన్ 4లోనూ ఒకే కొలత మైక్రో సిమ్ వచ్చింది. జూన్‌లో అక్కడి ఆపరేటర్ ఏటీ అండ్ టీ కొత్తవాళ్లకు అన్‌లిమిటెడ్ డేటా ఆపేసింది, పాతవాళ్లకు ఉంచింది. పాతవాళ్లలో కొందరు ఫోన్ సిమ్ తీసి ఐప్యాడ్‌లో పెట్టి, సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (డేటా ఏ దారిన వెళ్లాలో చెప్పే పేరు) మార్చారు. నెట్ వచ్చింది. కాల్స్ రావు, ఐప్యాడ్‌లో ఆ ఏర్పాటే లేదు.

ఆపరేటర్‌కు తెలియకుండా పోదు. *#06# నొక్కితే కనిపించే 15 అంకెల పరికర సంఖ్య ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు ఆ పరికరం ఏ మోడలో చెప్పేస్తాయి. ఫోన్ ప్లాన్ ఫోనుకే అన్న షరతును అమలు చేయడానికి ఆ అంకెలు చాలు. పెద్ద తెర ఎక్కువ డేటా లాగుతుంది, టవర్ సామర్థ్యం అందరూ పంచుకోవాల్సిందే, నిజమే. అయినా భారం పడేది వాడిన డేటా వల్ల, వాడిన పరికరం వల్ల కాదు. అన్‌లిమిటెడ్ అని అమ్మాక ఏ తెర మీద చూస్తున్నావని అడగడం న్యాయం కాదు.

అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2007లోనే ఒక దారి చూపింది. 700 మెగాహెర్ట్జ్ ‘సి’ బ్లాక్ స్పెక్ట్రమ్ కొన్నవారు, చందాదారులు తమకు నచ్చిన పరికరం వాడుకుంటుంటే అడ్డుపడకూడదని నిబంధన పెట్టింది. మరుసటి ఏడాది వేలంలో ఆ బ్లాక్‌లో అత్యధిక భాగాన్ని మరో ఆపరేటర్ వెరిజాన్ కొన్నది, దాని మీదే తన 4జీని నిర్మించింది.