వల బరువు... పిల్లలకు భారం కాకూడదు!

విసిరిన వల నీళ్లమీద గొడుగులా విచ్చుకుని, క్షణంలో అడుగుకి చేరుతుంది. అంచున వరసగా ఉండే సీసపు గుండ్ల మహిమ అది. సీసం నీటికన్నా 11 రెట్లు బరువు. పైగా 327 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. కట్టెల పొయ్యి చాలు! అందుకే చాలాచోట్ల చేపలు పట్టేవారు పాత బ్యాటరీ పలకల్నీ పాడైన వలల గుండ్లనీ ఇంటి దగ్గరే కరిగించి అచ్చుల్లో పోసుకుంటుంటారు. ఖర్చు లేదు, చెత్త మళ్లీ పనికొచ్చింది... బాగానే ఉంది కదూ!

చిక్కంతా ఆ పొయ్యి దగ్గరే. కరిగేటప్పుడు లేచే పొగ, పైన తేలే తెట్టు సన్నని ధూళిగా మారి నేలమీదా బట్టలమీదా చేరతాయి. పాకే పసివాళ్లు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. కడుపులోకి వెళ్లిన సీసాన్ని పెద్దలకన్నా పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఫలితం... రక్తహీనత, చదువులో వెనకబాటు. మెదడుకి జరిగిన నష్టం పూడేది కాదు. 'ఇంతవరకూ ఫర్వాలేదు' అనే మోతాదే లేదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నీటిలో పడిన గుండ్లను మింగి హంసలు చనిపోతున్నాయని బ్రిటన్ 1987లోనే చిన్న సీసపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించింది.

మరేం చేయాలి? పాత బ్యాటరీని విప్పకుండా దుకాణంలో తిరిగి ఇచ్చేయాలి. వాటిని వెనక్కి తీసుకోవాలని మనదేశంలో 2001లోనే నిబంధన వచ్చింది. గుండ్లు తయారైనవి కొనుక్కోవడం మేలు. తాతలనాటి కాల్చిన మట్టి గుండ్లూ ఉండనే ఉన్నాయి. తప్పక కరిగించాల్సివస్తే ఇంటికి దూరంగా, పిల్లల్లేని చోట, వంటకు వాడని గిన్నెలోనే! అచ్చులో నీటిచుక్క ఉన్నా సీసం చిమ్మి మీద పడుతుంది. పనయ్యాక స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డనెత్తుకోవాలి.