వాట్సాప్ బ్యాకప్‌కి తాళం వేశారా? మరి తాళంచెవి ఎక్కడ పెట్టారు?

పోయిన నెల అమ్మకి కొత్త ఫోన్ తీసుకున్నా. పాతదాంట్లో అన్నిటికంటే విలువైనవి తాతయ్య వాయిస్ మెసేజ్‌లు. ఆయన పోయి రెండేళ్లయింది. "ఏమ్మా, అన్నం తిన్నావా" అని పంపినవే ఓ నలభై ఉంటాయి. అవి పోకూడదు. అమ్మ పెట్టిన కండిషన్ అదొక్కటే.

సరే అని చాట్ బ్యాకప్ ఓపెన్ చేస్తే, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్‌లో ఉంది. చాలామందికి తెలియదు గానీ, వాట్సాప్ చాట్స్ 2016 నుంచి పూర్తిగా ఎన్‌క్రిప్టెడే అయినా, గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్లే బ్యాకప్‌కి ఆ రక్షణ లేదు. 2021 అక్టోబర్‌లో ఆప్షన్ ఇచ్చారు, అదీ మనం ఆన్ చేసుకుంటేనే. వీధి తలుపుకి పెద్ద తాళం, పెరటి తలుపుకి ఉత్త గడియ అన్నమాట.

నా ఫోన్‌లో ఎప్పుడో ఆన్ చేసేశా. అమ్మ ఫోన్ దగ్గరకొచ్చేసరికి చెయ్యాడలేదు.

ఎందుకంటే ఇక్కడ పాస్‌వర్డ్ పెట్టాలి, లేదా 64 క్యారెక్టర్ల కీ దాచుకోవాలి. పాస్‌వర్డ్ పెడితే అసలు కీ హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్స్‌తో కట్టిన వాల్ట్‌లో ఉంటుంది. ఆ కీ ఏంటో వాట్సాప్‌కీ తెలీదు. తప్పు పాస్‌వర్డ్ కొన్నిసార్లు కొడితే అది శాశ్వతంగా అందకుండా పోతుంది. ఎవడో కూర్చుని గెస్ చేయకుండా ఇది మంచిదే. కానీ ఆ గెస్ చేసేది మనమే అయితే? ఫోన్ చేతిలో ఉండి వాట్సాప్ లాగిన్ అయ్యే ఉంటే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. ఫోన్ పోయి, పాస్‌వర్డ్ కూడా మర్చిపోతే ఇక అంతే సంగతులు. సపోర్ట్‌కి ఎన్ని మెయిల్స్ పెట్టినా వాళ్లు తెరవలేరు. వాళ్లు తెరవగలిగితే ఇంక ప్రైవసీ ఏముంది?

2025 అక్టోబర్‌లో పాస్‌కీ సపోర్ట్ ప్రకటించారు. వేలిముద్రో, ఫేసో, స్క్రీన్ లాకో చాలు, గుర్తుపెట్టుకునే బాధ లేదు. మీకూ నాకూ అదే బెస్ట్. కానీ పాస్‌కీ గూగుల్ అకౌంట్‌లో సేవ్ అయితే, ముందు ఆ అకౌంట్ మన చేతిలో ఉండాలి కదా. అమ్మ జీమెయిల్ పాస్‌వర్డ్ ఏంటో అమ్మకే తెలీదు.

చివరికి ఏం చేశానంటే, రెండూ ఆండ్రాయిడే కాబట్టి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చాట్స్ నేరుగా కొత్త ఫోన్‌కి పంపేశా, క్లౌడ్‌తో పనే లేదు. తాతయ్య చాట్‌ని మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేశా. ఆ తర్వాతే సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేశా. పాస్‌వర్డ్ కాగితం మీద రాస్తే అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టుకుంది. సెక్యూరిటీ నిపుణులు తిట్టుకుంటారేమో గానీ, డ్రైవ్‌లోకి దూరేవాడు మా బీరువా దాకా రాడు.

అంతా అయ్యాక అమ్మ అడిగింది, "మరి నీదెక్కడ రాసుకున్నావ్‌రా?" అని.

ఎక్కడా రాయలేదు. ఈ ఆర్టికల్ పబ్లిష్ కొట్టగానే ముందు ఆ పనే.