ప(క) అంటే భయం ఎందుకు?



ప్రమేయం, ప్రతిక్షేపణ అనే మాటలు వినగానే మనలో చాలామందికి భయం. నాకూ అట్లనే ఉండేది. ఇంట్లో మేము కోయ మాట్లాడుతాము. మా ఇంట్ల బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అడుగుదామంటే ఎవరూ లేరు. చివరికి తునికాకు కల్లంల అర్థమైంది. అదే రాస్తున్నాను.

మా ఊరు కొత్తగూడ దిక్కు అడవిలో ఉంది. ఎండకాలం సెలవులకు తొర్రూరు నుండి పోయి అమ్మతోటి ఆకు కోస్తాను. 50 ఆకులు ఒక కట్ట. సాయంత్రం కల్లంల వరుసలు పేర్చితే కల్లేదారు లెక్కబెట్టి కార్డు మీద రాస్తాడు. ధర ఏటా మారుతది. సులువుగా ఉండాలని ఇక్కడ కట్టకు 3 రూపాయలు అని రాస్తున్నాను.

కట్టలు క అనుకోండి. వచ్చే పైసలు ప(క) అనుకోండి.

ప(క) = 3క

ఇది ప ను క తోటి గుణించుడు కాదు. "క కట్టలకు వచ్చే పైసలు" అని చదవాలి. నేను చాలా రోజులు గుణించి తప్పులు తెచ్చుకున్నాను. క జాగలో 100 పెడితే ప(100) = 3 × 100 = 300. అక్షరం తీసి అంకె పెట్టుడే ప్రతిక్షేపణ. క కు ఒక విలువ ఇస్తే ఒక్క జవాబే రావాలి. అప్పుడే అది ప్రమేయం.

పుస్తకంలో క బదులు ఎక్స్ ఉంటది. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో తెలియని రాశులకు రంగుల పేర్లలోని మొదటి అక్షరాలు కా, నీ అని రాసిండు. ఇట్ల బ్రాకెట్ పెట్టి ప్రమేయం రాసుడు ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త 1734లో చేసిండు. అక్షరం ఏదైనా లెక్క ఒక్కటే.

ఇక అసలు సంగతి. మా కల్లంల 100 కట్టలకు 5 కొసరు తీస్తారు. అంటే 20కి 1.

ప(క) = 3(క − క/20)

ఒకరోజు అమ్మ పది కట్టలకు ఒక చింతగింజ చొప్పున 20 గింజలు పెట్టింది. అంటే క = 200. కార్డు మీద 180 అని ఉంది. అంటే 540 రూపాయలే. "నాకు చదువు రాదు గద బిడ్డా, నేనే తప్పు లెక్కబెట్టిన కావచ్చు" అన్నది.

నేను కాగితం తీసిన. మొదట 3 × 200 − 10 = 590 వచ్చింది. అది తప్పు. బ్రాకెట్ మర్చిపోయిన. కొసరు పోయేది కట్టలల్ల, రూపాయలల్ల కాదు. ముందు లోపలిది చేయాలి. 200 − 10 = 190.

ప(200) = 3 × 190 = 570

590 పట్టుకొని పోతే నా మాట ఎవరు వింటరు?

కాగితం, గింజలు తీసుకొని పోయినం. అమ్మ వరుసలు ఇంకా కలపలేదు. "అన్నా, 200 కట్టలకు రెండు జవాబులు రావు" అన్నాను. మళ్ళీ లెక్కబెట్టి 190 అని దిద్దిండు. అమ్మ గింజలు సరిగ్గనే ఉన్నాయి.

కొసరు లేకుంటే 600 వచ్చేది. ఆ 30 రూపాయలు ఎందుకు పోవాలో సూత్రం చెప్పదు. అది మనుషులను అడగాలి. కానీ ఎంత పోతున్నదో సూత్రమే చెప్పింది.

మీకొక లెక్క: ఇదే సూత్రంతో ప(క) = 855 అయితే క ఎంత? జవాబు కాగితం మీద రాసి 9వ తరగతి గదిలో ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని