వాడకు చేరని ఉద్యానం

పురపాలక బడ్జెట్లలో ఉద్యానాలకు, ఆటస్థలాలకు నిధులు పెంచాలన్న మాట వినగానే సామాజిక న్యాయ ఉద్యమాల్లో చాలామందికి అది కడుపు నిండిన వర్గాల కోరికగా తోస్తుంది. మంచినీళ్లు, మురుగు కాలువ, శ్మశానవాటిక కూడా లేని వాడలుండగా పూలమొక్కల ముచ్చట ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే అక్కడే ఆగిపోవడం వల్ల జరిగిన నష్టమూ చిన్నది కాదు. ఉద్యానాల పద్దును మనం పట్టించుకోకపోవడంతో, ఆ పద్దు కింద ఖర్చయ్యే ప్రజాధనం ఏ వీధికి పోతున్నదో అడిగేవారు లేకుండా పోయారు. స్థానిక ప్రభుత్వాలు ఈ నిధులను పెంచవలసిందే. పెరిగిన నిధి ముందుగా వాడకు చేరవలసిందే. ఈ రెండింటినీ కలిపి అడగవలసిన బాధ్యత కులనిర్మూలన ఉద్యమాలది.

ఉద్యానం కుల సమస్య ఎలా అవుతుందన్న సందేహానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజాధనంతో నిర్మించి నిర్వహించే బావులు, చెరువులు, సత్రాలను, ప్రభుత్వ పాఠశాలలను, కార్యాలయాలను, వైద్యశాలలను అంటరానివారు వాడుకోవచ్చునన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది మహద్ పురపాలక సంఘం తన చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానించింది. ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. దాన్ని నీటి దాకా నడిపించడానికి 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలాది మందితో చవదార్ చెరువుకు వెళ్లవలసి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో అదే పురపాలక సంఘం తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. స్థానిక స్వపరిపాలన ఎవరి చేతుల్లో ఉంటే వారి కులానికి కాపలా కాయగలదని మహద్ నేర్పింది. బోలే 1926లోనే మరో అడుగు ముందుకు వేశారు. తీర్మానాన్ని అమలు చేయని పురపాలక సంఘాలకు ప్రభుత్వ గ్రాంట్లు ఇవ్వరాదని ప్రతిపాదించారు. ప్రజాధనం తీసుకునేవారు ప్రజలందరికీ తలుపు తెరవాలన్న సూత్రం అలా రూపుదిద్దుకుంది.

రాజ్యాంగం 15(2) అధికరణంలో ఆ సూత్రం స్థిరపడింది. దుకాణాలు, హోటళ్లతో పాటు ప్రజా వినోద స్థలాల్లో ప్రవేశానికి కులం అడ్డుకారాదని ఆ అధికరణం అంటుంది. పూర్తిగా గాని, పాక్షికంగా గాని ప్రభుత్వ నిధులతో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రహదారులు, ప్రజలు గుమిగూడే స్థలాల వినియోగానికీ అదే నియమం. ఇందులో ‘ప్రభుత్వ నిధులతో’ అన్న మాట బరువైనది. ఒక స్థలం మీద ప్రజాధనం ఖర్చు కావడమే దాని మీద అట్టడుగు మనిషికి హక్కు పుట్టిస్తున్నది. అందుచేత ఉద్యానాల నిర్వహణ నుంచి ప్రజాధనం తప్పుకున్న కొద్దీ ఆ హక్కు నిలబడే నేల కుంచించుకుపోతుంది.

ఇది ఊహాగానం కాదు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో ఒకప్పుడు నగరపాలన అయిదు ఈతకొలనులు నడిపేది. వాటిలో నాలుగు శ్వేతజాతీయులకు, ఒకటి నల్లజాతీయులకు. జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 1960 దశకం ఆరంభంలో న్యాయస్థానాలు తేల్చిన తర్వాత, ఇద్దరినీ ఒకే నీటిలో దించడం కన్న కొలనులు మూసేయడమే మేలని ఆ నగరపాలన నిర్ణయించుకుంది. మూసివేత అందరికీ సమానంగా వర్తిస్తుంది గనుక అందులో వివక్ష లేదని అమెరికా సుప్రీంకోర్టు 1971లో అయిదుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది. నలుగురు విభేదించారు. ప్రభుత్వం మూసిన కొలను ముందు అందరూ సమానమేనని మెజారిటీ అన్నది. కానీ పెరట్లో సొంత కొలను కట్టుకోగలిగినవారికి ఆ సమానత్వం వల్ల పోయిందేమీ లేదు.

మన నగరాల్లో ఎవరూ అంత బాహాటంగా తాళం వేయరు. ఇక్కడ ఆ పని ప్రవేశ రుసుము చేస్తుంది, నడకకు వచ్చేవారి నెలవారీ పాసు చేస్తుంది, నిర్వహణ పేరుతో కాలనీ సంక్షేమ సంఘానికి అప్పగించిన గేటు తాళంచెవి చేస్తుంది. సమైక్య ఆంధ్రప్రదేశ్ తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరుతో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఉద్యానంలోకి వెళ్లాలన్నా టికెట్ కొనాలి. ఆ రుసుము ఒకరికి చిల్లర. నలుగురు పిల్లలతో వచ్చిన దినసరి కూలీకి అది ఒక పూట కూర. గేటు దగ్గర కులం పేరు ఎవరూ అడగరు. బట్టలు, భాష, వచ్చిన వీధి చూసి కాపలాదారు అడిగే ‘ఎవరు కావాలి?’ అన్న ప్రశ్న చాలు.

ప్రవేశం కన్న లోతైన సమస్య స్థలానిది. మన రెండు రాష్ట్రాల నిబంధనల ప్రకారం అనుమతి పొందిన లేఅవుట్‌లో పది శాతం నేలను ఖాళీ స్థలంగా వదలాలి. పట్టణాల్లో కాలనీ ఉద్యానాలు చాలావరకు ఆ పది శాతంలో మొలిచినవే. మాలవాడ, మాదిగవాడ, పాకీ కార్మికుల బస్తీ, వలస కూలీల గుడిసెలు ఏ లేఅవుట్ నుంచీ పుట్టలేదు. ఊరు పెరిగి పట్టణమై వాడను మింగినప్పుడు వాడకు మిగిలింది ఇరుకు సందులే. కాబట్టి అక్కడ పది శాతం లేదు, పది శాతం మీద కట్టే ఉద్యానమూ లేదు. పురపాలక ఇంజనీరు నిధి రాగానే స్థలం ఉన్న చోటు వెతుకుతాడు. స్థలం లేఅవుట్‌లో ఉంటుంది. లేఅవుట్‌లో ఎవరుంటారో మనకు తెలుసు. 2001 జనగణన వార్డు గణాంకాలతో త్రినా వితయతిల్, గాయత్రి సింగ్ దేశంలోని ఏడు పెద్ద నగరాలను అధ్యయనం చేసి 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ప్రచురించారు. నివాస ప్రాంతాల వేర్పాటు ఆర్థిక స్థాయి కన్న కులం ప్రకారమే ఎక్కువగా ఉందని వారు తేల్చారు. ఇళ్లు కులం ప్రకారం విడిపోయిన నగరంలో, స్థలం ఉన్నచోటికే పోయే నిధి కులం ప్రకారమే పంపిణీ అవుతుంది. ఏ అధికారికీ దురుద్దేశం ఉండనక్కరలేదు.

న్యాయస్థానాల రక్షణ కూడా ఈ గీతను దాటలేదు. బెంగళూరులో ఉద్యానానికి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇవ్వడాన్ని ఆ ప్రాంతవాసులు సవాలు చేసినప్పుడు, 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన నిలిచింది. ఉద్యానాల చట్టంలో నేటికీ అది గొప్ప తీర్పే. కానీ అది ఉన్న ఉద్యానాన్ని కాపాడగలదు. పటంలో ఎన్నడూ ఆకుపచ్చ చుక్క పడని వాడ ఏ పత్రం పట్టుకొని కోర్టుకు వెళ్లాలి?

నిజానికి ఉద్యానం అవసరం ఎక్కువగా ఉన్నది అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పట్టణ పేదలకు పంచిన ఇంటి స్థలం ఒక సెంటు, అంటే సుమారు 48 చదరపు గజాలు. అందులో పెరడు లేదు, చెట్టు నీడ లేదు, బిడ్డ పరుగెత్తే చోటు లేదు. పెద్ద ఇల్లున్నవారికి ఉద్యానం అదనపు సౌఖ్యం. సెంటు స్థలం వారికి అది ఇంటిలో ఒక గది. అది లేనప్పుడు చదువుకునే పిల్లవాడు వీధి అరుగు వెతుక్కుంటాడు. ఆడపిల్ల ఎనిమిదో తరగతితో ఆట మానేస్తుంది. వృద్ధుడు మంచానికే పరిమితమవుతాడు. పట్టణ ప్రణాళికల కోసం కేంద్రం 2014లో వెలువరించిన మార్గదర్శకాలు తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలన్నాయి. నగరమంతటికీ సగటు తీస్తే ఆ లెక్కలో పెద్ద వనాలు బస్తీల కొరతను కప్పేస్తాయి. లెక్క వార్డు వారీగా తీయాలి.

నిధులకు చట్టబద్ధమైన ఆధారం లేకపోలేదు. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ తొమ్మిదో అంశం, మురికివాడల అభివృద్ధి పదో అంశం, పట్టణ పేదరిక నిర్మూలన పదకొండో అంశం, ఉద్యానాలు, తోటలు, ఆటస్థలాలు పన్నెండో అంశం. ఒకే వరుసలో ఉన్న ఈ నాలుగింటినీ మన పురపాలికలు నాలుగు వేర్వేరు గదుల్లో పెట్టాయి. 2015లో 500 నగరాలకు ప్రకటించిన అమృత్ పథకం ఉద్యానాలకు విడిగా నిధి చూపింది. ఆ వాటాకు విధించిన పరిమితి రెండున్నర శాతమే. తెలంగాణ 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతాన్ని హరిత పద్దుకు కేటాయించమన్నది. ఇది మెచ్చదగినదే. అయితే రహదారి మధ్య నాటిన మొక్కకూ, బస్తీలో పిల్లలు ఆడుకునే నేలకూ ఆ పద్దులో తేడా కనిపించాలి.

నిధి పెంచడంలో రెండు ప్రమాదాలను ముందే గుర్తించాలి. మొదటిది, దళితుల నిధితోనే వినోదం కట్టడం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక నిధి నుంచి దాదాపు 678 కోట్ల రూపాయలు మళ్లిన సంగతిని ఆనాటి కేంద్ర హోంమంత్రి రాజ్యసభలో అంగీకరించారు. ఉపప్రణాళిక నిధులకు చట్టం కావాలన్న ఉద్యమానికి అటువంటి అనుభవాలే బలమిచ్చాయి. రెండోది, దళితుల భూమి మీదనే పచ్చదనం పెంచడం. గ్రామాల్లో ప్రకృతి వనాలకు, ఇతర ప్రభుత్వ నిర్మాణాలకు స్థలం వెతికినప్పుడు పేదల సాగులోని అసైన్డ్ భూముల మీద కన్నుపడిందన్న ఫిర్యాదులు వచ్చాయి. బతుకునిచ్చే చెలకను లాక్కొని వేసిన వనం ఎవరికీ నీడనివ్వదు.

కనుక స్థానిక ప్రభుత్వాల ముందు పెట్టవలసిన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కేటాయింపు, ఉన్న ఉద్యానాల విస్తీర్ణాన్ని బట్టి కాక, వార్డులో లేని స్థలాన్ని బట్టి జరగాలి. బస్తీల పక్కన నేల కొనడానికి ప్రత్యేక నిధి ఉండాలి. తెలంగాణలో లేఅవుట్ల క్రమబద్ధీకరణ కింద ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేస్తున్నారు. ఆ సొమ్ము ఆ పరిసరాల్లోనే బహిరంగ స్థలంగా తిరిగి రావాలి. ప్రజాధనంతో నడిచే ఉద్యానాల్లో ప్రవేశ రుసుము పోవాలి. ఉపప్రణాళిక నిధిని ముట్టరాదు. పొద్దున్నే ఆ బాటలు ఊడ్చి, గడ్డి కోసి, చెత్త ఎత్తే పొరుగుసేవల కార్మికులలో దళిత స్త్రీలు ఎందరో ఉన్నారు. వారి కొలువులకు భద్రత, జీతానికి హామీ ఈ పద్దులోనే ఉండాలి. ఉద్యానాన్ని శుభ్రం చేసే తల్లి తన బిడ్డను ఆడించడానికి అదే ఉద్యానానికి రాలేకపోతే ఆ పచ్చదనం పాత ఊరి ఆకుపచ్చ రూపమే.

విశ్వవిద్యాలయ విద్యార్థులు ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. సమాచార హక్కు చట్టం కింద మీ పురపాలికను మూడు వివరాలు అడగండి. గత అయిదేళ్లలో ఉద్యానాలకు, ఆటస్థలాలకు వార్డు వారీగా ఎంత ఖర్చయింది? ప్రతి వార్డులో ఎంత బహిరంగ స్థలం ఉంది? వాటిలో ఎన్నింటికి రుసుము వసూలు చేస్తున్నారు? వచ్చిన జవాబును ఆ వార్డుల షెడ్యూల్డ్ కులాల జనాభా పక్కన పెట్టి చదవండి. బడ్జెట్ సమావేశానికి ముందే ఆ పట్టికను కౌన్సిలర్ల చేతికి ఇవ్వండి. మహద్ తీర్మానం మూడేళ్లు కాగితంగా పడి ఉండటానికి కారణం, దాన్ని అమలు చేయమని ఊరి లోపల అడిగేవారు లేకపోవడమే. నేడు వార్డుల నుంచి గెలిచి వచ్చిన దళిత, బహుజన ప్రతినిధులు ప్రతి కౌన్సిల్‌లోనూ ఉన్నారు. అడగవలసిన పద్దు ఏదో వారికి మనం చూపాలి.