మార్పునకు వీలైన ప్రాసెసరు

1992 అక్టోబరులో ఐబీఎం వారు లోకమునకు చూపిన థింక్‌ప్యాడ్ 700సీ మొదలుకొని, 2005లో ఆ వ్యాపారము లెనోవో వశమైన పిమ్మట కూడ, నలుపు రంగును, మరమ్మతునకు లొంగు నిర్మాణమును చాలవరకు విడనాడక సాగివచ్చిన ల్యాప్‌టాపుల వంశములో 2013 నాటి టీ440పీకి విశిష్టస్థానము కలదు. ఇందలి ప్రాసెసరు మదర్‌బోర్డునకు టంకముతో అతుకబడక సాకెట్టులో కూర్చుండి, ఒక చిన్న స్క్రూను త్రిప్పినంతనే వెలికి వచ్చును. ఇంటెల్ వారు హాస్వెల్ తరము పిదప వచ్చిన బ్రాడ్‌వెల్ మొబైల్ ప్రాసెసర్లను బోర్డునకు అతుకదగిన రూపముననే తయారుచేయుటచే, టీ శ్రేణిలో ఈ సౌలభ్యము హాస్వెల్ తరముతోనే అంతరించెను. పలుచదనమునకై మార్పుస్వేచ్ఛను బలియొసగిన ఆ నిర్ణయము నాకు నేటికిని విచారము కలిగించుచున్నది.

అట్టి యంత్రము చేతనున్నవారికి కలుగు ప్రశ్న సహజమైనది. చాల టీ440పీలలో ఉండునది కోర్ ఐ5-4300ఎం. కోర్లు రెండు, మూలవేగము 2.6 గిగాహెర్ట్జ్. దాని స్థానమున నాలుగు కోర్లు గల ఐ7-4702ఎంక్యూను, వాడి విడిచిన సరుకు దొరకుచోట కొని అమర్చవచ్చును. మార్చుట మేలా, మానుట మేలా?

యంత్రము మందగించెననగానే నేరమును ప్రాసెసరుపై మోపుట పరిపాటి. కాని నిమిషమునకు 7200 చుట్లు తిరుగు హార్డ్ డిస్క్‌లో వలసిన అక్షరము చదువుసూది క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా సుమారు 4 మిల్లీసెకన్లు పట్టును. ఆ స్వల్పవ్యవధిలో 2.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు కోటికి పైగా స్పందనలను పూర్తిచేసికొనును; అవి పెక్కుమారులు నిరీక్షణకే వ్యయమగుచుండును. ఇట్టిచోట ఎంత చురుకైన ప్రాసెసరును పెట్టినను నిరీక్షణ తగ్గదు. ఎస్‌ఎస్‌డీ పెట్టినచో తగ్గును. ర్యామ్ చాలనప్పుడు యంత్రము డిస్కునే జ్ఞాపకశక్తిగా వాడుకొనుటచే ఈ బాధ ఇంకను పెరుగును.

ఇక కోర్ల సంఖ్య రెట్టింపైనంత మాత్రమున పని సగము కాలమునకు తగ్గునని భ్రమపడరాదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపిన తర్కము ప్రకారము, పనిలో పంచుకొనరాని భాగమెంతయో అదియే లాభమునకు హద్దు. నూటికి ఎనుబది పాళ్లు పంచుకొనదగిన పని, రెండింటి బదులు నాలుగు కోర్లపై నడచినచో ఒకటిన్నర రెట్లు వేగముగా జరుగును. సగమే పంచుకొనదగినదైనచో లాభము నూటికి ఇరువది పాళ్లే. ఇదియు రెండు పక్షముల కోర్ల వేగము సమానమని యెంచిన లెక్క. ఇచ్చట అది సమానము కాదు: 4702ఎంక్యూ మూలవేగము 2.2 గిగాహెర్ట్జ్ మాత్రమే.

ఈ తగ్గుదలకు కారణము వేడి. రెండు ప్రాసెసర్లకును నిర్ణయింపబడిన ఉష్ణపరిమితి 37 వాట్లే. అంత వేడినే నాలుగు కోర్లు పంచుకొనవలెను. చిప్పులో వ్యయమగు శక్తి వేగముతో సమముగాను, వోల్టేజి వర్గముతో సమముగాను పెరుగుచుండుటచేతను, వేగము హెచ్చించుటకు తరచుగా వోల్టేజిని కూడ హెచ్చింపవలసి వచ్చుటచేతను, నెమ్మదిగా నడచు నాలుగు కోర్లు వడిగా నడచు రెంటికంటె అదే వేడిలో ఎక్కువ పని నెరవేర్పగలవు. ఇది చాతుర్యముగల ఏర్పాటు. 47 వాట్ల ఐ7-4700ఎంక్యూ కూడ ఇదే సాకెట్టులో కూర్చుండును గాని, విడి గ్రాఫిక్స్ చిప్పు గల నమూనాలకు అమర్చిన రెండు గొట్టముల హీట్‌సింక్ లేనిచో అది తన వేగమును తానే తగ్గించుకొనుచు శ్రమపడును.

అమర్చు విధమును కొంత వివరింతును. బ్యాటరీని తీసి, అడుగున రెండు స్క్రూలను వదులుచేసి మూతను జరిపినచో హీట్‌సింక్ కనబడును. దానిని ఎత్తగా, ఏండ్ల తరబడి కాగిన థర్మల్ పేస్ట్ సుద్దవలె పొడిబారి పగుళ్లువారి యుండుట సామాన్యము. దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, సాకెట్టు స్క్రూను త్రిప్పి, పాత చిప్పును నిటారుగా పైకెత్తవలెను. క్రొత్తదాని మూలనున్న త్రిభుజపు గుర్తును సాకెట్టు గుర్తుతో కలిపి విడిచినచో అది తన బరువుచేతనే దిగును, నొక్కరాదు. అడుగునున్న తొమ్మిదివందలకు పైబడిన సూదులలో ఒక్కటి వంగినను పని చెడును.

ఆ పొడిబారిన పేస్టును మార్చుటయే పెక్కు యంత్రములకు పోయిన చురుకును తిరిగి ఇచ్చును. కావున మొదట ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, పేస్టు చూచుకొని, పిమ్మట నిత్యము చేయు పని చేయుచు టాస్క్ మేనేజరును తెరచి చూడవలెను. ప్రాసెసరు గీత చాలసేపు శిఖరమునే అంటియున్నచో మార్పునకు ఆధారమున్నది. డిస్కు గీత అంటియున్నచో లేదు. మరియొక సంగతి: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది, విండోస్ 11 ఆమోదపట్టికలో హాస్వెల్ తరమునకే చోటు లేదు. ఐ7కు మారినను ఆ ద్వారము తెరచుకొనదు. ఇకమీద ఈ యంత్రమునకు లినక్స్ తగిన ఆశ్రయము. లినక్స్ పెట్టుకొని ప్రోగ్రాములు కంపైల్ చేయువారు, వీడియోలను కూర్చువారు 4702ఎంక్యూను నిస్సంకోచముగా తెచ్చుకొనవచ్చును. ఉత్తరములు వ్రాసికొని, పత్రికలు చదువుకొని, సినిమాలు చూచువారికి ఉన్న ఐ5 చాలును.