పెద్ద చేపలతొట్టికి తగిన వడపోత

కలకబాఱిన నీటిలో చిల్లగింజ నరగదీసి కలిపినచో మడ్డి యడుగునకు దిగి నీరు తేఱునని మన పెద్దలెఱుగుదురు. తేటగా నున్న నీరు మంచినీరని తలంచుట మనకలవాటు. చేపలతొట్టి విషయమున నీ తలంపు చాలదని మేము నష్టపడి నేర్చుకొంటిమి.

మా పాఠశాల వసారాలో నాఱడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల గాజుతొట్టి కలదు. అందు బంగారుచేపలను పెంచుచున్నాము. ఒక శనివారమున వడపోతలోని స్పాంజి నల్లబడి యుండుట చూచి, దానిని కొళాయిక్రింద తెల్లబడువఱకు నుదికితిమి. తొట్టినీరు అద్దమువలె మెఱసెను. మూడవనాటికి చేపలు పైకివచ్చి, నోళ్లు తెఱచి రొప్పసాగెను. వారము గడచునప్పటికి ఏడు చేపలు చచ్చెను. నీటిలో నలుసైనను లేదు. మఱి కారణమేమి?

చేపలు మొప్పలగుండ అమోనియాను ఎల్లప్పుడు విడుచుచుండును. మిగిలిన మేతయు మలమును కుళ్లినపుడును అదియే పుట్టును. ఇది చేపలకు విషము. నీట కరగియుండుటచే కంటికి కనబడదు, గుడ్డకు చిక్కదు. దీనిని మార్పగలవి సూక్ష్మజీవులు. కొన్ని దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మఱికొన్ని నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు కొద్దిగా నున్నచో చేపలకంతగా హాని లేదు.

ఈ మార్పు జీవులవలననే కలుగునని 1877లో ష్లోజింగ్, మ్యుంట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చూపిరి. ఇసుకయు సున్నపురాయియు నింపిన గొట్టముగుండ వారు మురుగునీటిని మెల్లగా దింపిరి. 20 దినములు ఏ మార్పును లేదు. పిమ్మట నైట్రేటు పుట్టసాగెను. క్లోరోఫారము ఆవిరి సోకగానే ఆ పని నిలిచెను. మేము చేసినదియు నిట్టిదే. స్పాంజిపై కాపురమున్న సూక్ష్మజీవులను క్లోరిను కలిసిన నీటితో చంపి, కాలువలో పాఱబోసితిమి.

కావున వడపోత నెన్నుకొనువారు రెండు సంగతులు చూడవలెను. మొదటిది నీటి ప్రవాహము. మా తొట్టి 24 ఘనపుటడుగులు. అనగా సుమారు 680 లీటర్లు. తొట్టినీరంతయు గంటకు నాలుగుమారులు వడపోతగుండ తిరుగవలెననుట వాడుకలోనున్న లెక్క. ఆ ప్రకారము గంటకు 2,700 లీటర్లు తోడు పంపు కావలెను. పెట్టెపై వ్రాసిన అంకె అడ్డులేని పంపునకు చెందినది. నీటిని పైకెత్తునపుడును, స్పాంజి పూడుకొన్నపుడును ప్రవాహము తగ్గును గాన, కొంత హెచ్చు శక్తిగలదానినే తీసికొనవలెను.

రెండవది, ముఖ్యమైనది, సూక్ష్మజీవులకు చోటు. తొట్టిలో తగిలించు చిన్న వడపోతలో గుప్పెడు స్పాంజి మాత్రమే పట్టును. మూతబిగించిన డబ్బావంటి కానిస్టరు వడపోతలోను, తొట్టిక్రింద నమర్చు సంపులోను స్పాంజి, పింగాణి ముక్కలు విస్తారముగా పట్టును. పెద్దతొట్టికివియే తగును. ఒక పెద్ద వడపోతకంటె రెండు మధ్యరకపువి మేలు. ఒకటి చెడినను రెండవది కాపాడును. విద్యుత్తు చాలసేపు పోయినచో మూసిన డబ్బాలో ప్రాణవాయువు తఱిగి సూక్ష్మజీవులు నశించును. అట్టిదానిని కడుగకయే మరల నడిపినచో కుళ్లిన నీరు తొట్టిలో పడును. అందుచే బ్యాటరీతో నడచు గాలిపంపును, దానికి తగిన స్పాంజి వడపోతను సిద్ధముగా నుంచుట మంచిది.

ఇప్పుడు మాకు రెండు వడపోతలు కలవు. వానిని ఒకేనాడు కడుగము. స్పాంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండుదుము. నైట్రేటు నీ వడపోతలు తొలగింపవు గనుక, వారమున కొకసారి పావువంతు నీరు తీసి, క్లోరిను విఱిచిన క్రొత్తనీరు పోయుదుము.

బిడ్డలకు తొట్టి కొనియిచ్చు తలిదండ్రులకొక మనవి. క్రొత్త వడపోత మొదటినాడు ఉత్త యంత్రమే. అందు సూక్ష్మజీవులు నెలకొనుటకు కొన్ని వారములు పట్టును. అంతవఱకు రెండు మూడు చేపలతో ఓర్చుకొని, కొద్దిగా మేత వేయించుడు. మా తొట్టిని చూడవచ్చు పిల్లలు నల్లని స్పాంజిని చూచి, ఏల ఉదుకరని అడుగుచుందురు. వారికి మేమా ఏడు చేపల సంగతి చెప్పుదుము.