సంకేతపదములు – హ్యాషింగు దోషములు

వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు పత్తికి, మిరపకు పేరెన్నిక గన్నది. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ-నామ్ విధానములో ఈ మార్కెట్టు కూడ చేరినది. ఇట్టి విధానమున వ్యాపారి తన పేరును, సంకేతపదమును ఇచ్చి కంప్యూటరులోగాని, ఫోనులోగాని ధర వేయును. గడువులోపల అతడు ప్రవేశింపలేకపోయినచో ఆ రాశికి ఒక పోటీదారు తగ్గును; నష్టము రైతునకు. సంకేతపదము దొంగచేత పడినచో అతని పేర మరియొకడు ధర వేయగలడు. కావున ఏ వెబ్ అప్లికేషనులోనైనను సంకేతపదమును భద్రపరచు పద్ధతి ముఖ్యమైనది.

సంకేతపదమును ఉన్నదున్నట్లు దాచరాదు. మిరపకాయలను దంచి కారము చేయవచ్చును; కారమునుండి కాయలను తిరిగి పొందలేము. అట్లే సంకేతపదమును తిరిగి రాబట్టలేని వేరొక రూపమునకు మార్చి, దానినే దాచుదురు. దీనికి హ్యాష్ అని పేరు. వ్యాపారి మరల వచ్చినపుడు అతడిచ్చిన పదమునకు అదే ప్రక్రియ జరిపి, ఫలితములను పోల్చి చూతురు.

ఇద్దరి సంకేతపదము ఒకటియే అయినచో హ్యాష్ కూడ ఒకటియే అగును. ఇది దొంగకు అనుకూలము. అందుచే ప్రతి పదమునకు వేరువేరు సాల్ట్, అనగా ఉప్పు, కలుపుదురు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు 1979లో ఈ ఉపాయమును వివరించిరి. 2012లో లింక్డ్‌ఇన్ సంస్థనుండి బయటపడిన సుమారు 65 లక్షల హ్యాష్‌లలో ఈ ఉప్పు లేదు. అనేక సంకేతపదములు త్వరలోనే బయల్పడినవి. 1999లో వెలువడిన బీక్రిప్ట్ ఉప్పు కలుపుటయేగాక, ఊహించి చూచువానికి ప్రతి ప్రయత్నమును ఆలస్యము చేయును.

సరియైన పదమే ఇచ్చినను ప్రవేశము లభింపనిచో కారణమేమి? దాచునపుడు జరిగిన ప్రక్రియ, పోల్చునపుడు జరిగిన ప్రక్రియ ఒకటి కాకపోవుటయే. పోల్చునపుడు క్రొత్త ఉప్పు కలిపినచో ఫలితము మారును. దాచిన హ్యాష్‌లోని పాత ఉప్పునే వాడవలెను. బీక్రిప్ట్ హ్యాష్ 60 అక్షరములు. పట్టికలో 50 అక్షరములకే చోటున్నచో చివరి పది తెగిపోవును. ఖాతాదారు తన చిరునామాను మార్చుకొన్నపుడు, ఉన్న హ్యాష్‌కే మరల హ్యాష్ చేయుట ఇంకొక దోషము.

తెలుగులో సంకేతపదము పెట్టుకొన్నచో మరియొక చిక్కు గలదు. ‘పైరు’ అను మాటలోని ఐత్వమును యూనికోడులో ఒకే గుర్తుగా వ్రాయవచ్చును. రెండు గుర్తులుగా విడదీసియు వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటియే. హ్యాష్‌లు మాత్రము వేరు. కావున రెండు సందర్భములందును ముందుగా పదమును యూనికోడు నిర్ణయించిన ఒకే రూపమునకు తేవలెను. మరియు బీక్రిప్ట్ 72 బైట్లకు మించినదానిని సాధారణముగా లెక్కింపదు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు గుర్తునకు 3 బైట్లు పట్టును. ఆరు గుర్తులుగల ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమునకే 18 బైట్లు కావలెను. కావున పొడవైన తెలుగు పదములో చివరిభాగము వ్యర్థమగును.

ప్రోగ్రాము సరిదిద్దినంతమాత్రమున, తెగిపోయిన హ్యాష్‌లుగాని రెండుమారులు చేసిన హ్యాష్‌లుగాని బాగుపడవు. కారమునుండి కాయ రాదుగదా! ఖాతాదారుని గుర్తింపును నిర్ధారించి, క్రొత్త సంకేతపదమును పెట్టించవలెను. తొందరపడి పోల్చుటనే మానివేయుటగాని, సంకేతపదమును ఉన్నదున్నట్లు దాచుటగాని దోషనివారణ కాదు; తలుపు బిగిసినదని గోడను కూల్చుటవంటిది.